పూడ్చిన గుంత మీద పచ్చజొన్న

నేను ఒక జడ్డిగాన్ని. ఈ మాట వినగానే మీలో సగం మంది ముఖం చిట్లిస్తారని తెలుసు. ట్రాక్టర్లు వచ్చాక పుట్టినవాళ్ళు మీరు, మీ తప్పేమీ లేదు. విత్తనాలు వేసే గొర్రును ఎప్పుడైనా చూశారా? దానికి మూడు పళ్ళు, ఒక్కో పంటి వెనక ఒక్కో వెదురు గొట్టం. ఆ గొట్టాలు పైకి వచ్చి కలిసే చోట ఒక కొయ్య గిన్నె ఉంటుంది. ఆ గిన్నెను నేను. ఎడ్లు గొర్రును లాగుతుంటే వెనక ఒక ఆడమనిషి నడుస్తూ పిడికిట్లోంచి గింజలు నాలోకి జారుస్తుంది. నేను వాటిని పంచి సాళ్ళకు పంపిస్తాను. నా దగ్గర ఏదీ ఉంచుకోను, ఉంచుకుందామన్నా ఉండదు.

గిన్నె కాకముందు నేను మద్దిచెట్టును. ఇప్పలగడ్డ అడవిలో, వాగుకు ఎగువన ఉండేదాన్ని. ఒక ఎండాకాలం బక్కయ్య అనే భూమిలేని మనిషి గొడ్డలి పట్టుకుని వచ్చాడు. నన్ను నరికాడు, నా చుట్టూ ఉన్నవాటినీ నరికాడు, కుప్పలేసి తగలబెట్టాడు. రోజుల తరబడి పొగ లేచింది. పొగ చల్లారాక చేతులు కడుక్కుని, నేలకు మొక్కి, "భూతల్లీ, సల్లగ సూడు" అన్నాడు. తగలబెట్టేటప్పుడు ఆ తల్లి గుర్తుకు రాలేదు. మనుషులకు దేవతలు పని అయిపోయాకే గుర్తొస్తారు, వాళ్ళ అలవాటు అది.

కాలకుండా మిగిలిన నా మొదలులో ఒక ముక్కను బక్కయ్య వడ్రంగం చేసే వడ్ల వీరాచారి ఇంటికి మోసుకెళ్ళాడు. వీరాచారి మాటకు ముందు ఒక తిట్టు, మాట తర్వాత ఒక తిట్టు వాడే మనిషి. నన్ను తిడుతూనే బాడిసెతో చెక్కాడు, ఎర్రగా కాల్చిన చువ్వతో అడుగున చిల్లులు పొడిచాడు. నొప్పి తెలుస్తుందా అని అడగకండి. చిల్లుల్లో తేడా వస్తే ఒక సాలు ఒత్తుగా, ఒక సాలు పలచగా మొలుస్తుంది, ఊరంతా నవ్వుతుంది. అందుకని గుప్పెడు గింజలు పోసి, కింద పడ్డ కుప్పల్ని కళ్ళు చికిలించి చూసి, ఇంకోసారి తిట్టి, బక్కయ్య చేతిలో పెట్టాడు. అతను నన్ను ఇంటికి తెచ్చి పసుపు పూసి బొట్టు పెట్టాడు. చంపినవాడే పూజ చేశాడు. నేనూ దాన్ని మర్యాదగానే స్వీకరించాను, అబద్ధం ఎందుకు చెప్పాలి?

కొన్నేళ్ళకు బక్కయ్య కొడుకు రాజలింగుకు పెళ్ళయింది. ఓదమ్మ కోడలిగా వచ్చింది. అత్త నడుం పడిపోవడంతో మొదటి వానలకే నా వెనక నడిచే పని ఆమెకు పడింది. ఆమె చెయ్యి గురించి చెప్పాలి. కొందరి చేతులు గింజల్ని పారబోస్తాయి, కొందరివి పిసినారితనంగా రాలుస్తాయి. ఓదమ్మ బొటనవేలితో చూపుడువేలిని చిన్నగా రాస్తూ, ఎడ్ల అడుగుకు సరిగ్గా కలిపి, జొన్నల్ని జారవిడిచేది. ఎడ్లు తొందరపడితే చెయ్యీ తొందరపడేది. ఆ చెయ్యంటే నాకు ప్రాణం. ఈ మాట ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

ఇప్పలగడ్డలో ఒక పట్టింపు ఉండేది. చేనుకు తెచ్చిన విత్తనం ఇంటికి తిరిగి పోకూడదు. గొర్రు కట్టాక ఒడిలో ఉన్నదంతా నేలలో పడాల్సిందే. మిగిలితే గట్టు మీదో, బాట వారనో చల్లి, ఒడి దులుపుకుని రావాలి. విత్తనం వెనక్కి వస్తే ఆ ఇంట్లో గర్భం నిలవదని వాళ్ళ భయం. ఓదమ్మ ఏనాడూ ఒక్క గింజ వెనక్కి తీసుకుపోలేదు. ఆమెకు పిల్లలూ పుట్టలేదు. అయినా ఆ పట్టింపు మీద ఆమెకు అనుమానం రాలేదు. తన చెయ్యి ఎప్పుడో ఎక్కడో పొరపాటు చేసి ఉంటుందనుకుని, ఇంకా జాగ్రత్తగా ఒడి దులిపేది.

ఆ చేలో వాళ్ళు వేసేది పచ్చజొన్న. తేనెరంగు గింజ, గట్టి కంకి, వాన ముందూ వెనకా అయినా తట్టుకునే రకం. బక్కయ్య ఎక్కడినుంచి తెచ్చాడో గానీ, చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. బక్కయ్య పోయాడు, అత్త పోయింది, ఆ గింజ మిగిలింది.

తర్వాత నేల కింద బొగ్గు ఉందని తేలింది. ఊళ్ళో షామియానా వేశారు, కుర్చీలు తెచ్చారు, మైకు పెట్టారు. పొడుగాటి అధికారి ఒకాయన లేచి చాలా మెత్తగా మాట్లాడాడు.

"మీ పైమట్టిని మేం పారేయం. పక్కన దాస్తాం. బొగ్గు తీయడం అయిపోగానే గుంత పూడ్చి, ఆ మట్టినే పైన పరుస్తాం. నేల మళ్ళీ పచ్చగా అవుతుంది" అన్నాడు.

ఆడవాళ్ళ వరసలోంచి ఓదమ్మ లేచింది. అంతమందిలో ఆమె గొంతు విప్పడం అదే మొదలు. "అప్పుడు మా చేను మాకిత్తరా సారూ?"

ఆయన గ్లాసెత్తి నీళ్ళు తాగాడు. "అన్నీ రూల్స్ ప్రకారమే జరుగుతాయమ్మా" అని పక్కవాళ్ళ ప్రశ్నకు తిరిగాడు.

ఓదమ్మ కూర్చుంది. పెద్దమనిషి కాదనలేదు కాబట్టి అవునన్నట్టే అనుకుంది. కాదనకపోతే అవునన్నట్టేనన్నది ఆమెలాంటి వాళ్ళ మధ్య చెల్లుతుంది. అక్కడ చెల్లదని ఆమెకు ఎవరు చెప్పాలి?

యంత్రాలు వచ్చి చేలను గీకాయి. ఇళ్ళు పడ్డాయి. ఊరును తీసుకెళ్ళి రోడ్డు పక్కన గళ్ళ గళ్ళ కాలనీలో పెట్టారు. అందరి ఇళ్ళూ ఒకటే కొలత, ఒకటే రంగు. మొదటి రోజుల్లో మగవాళ్ళు తాగివచ్చి పక్కింట్లో పడుకునేవాళ్ళు. రాజలింగుకు గని మీద చిన్న ఉద్యోగం ఇచ్చారు. బండలు పేల్చే ముందు ఎర్రజెండా పట్టుకుని, ఈల ఊదుతూ మనుషుల్నీ గొడ్లనూ తరిమేయాలి. ఎక్కువ రోజులు అతను తరిమింది తన చేను ఉన్న చోటినుంచే. జీతం వస్తోందని సంతోషపడ్డాడు కూడా. చివరికి దుమ్ముతో ఊపిరితిత్తులు నిండి మంచాన పడ్డాడు. పోయే ముందు "జెండా ఏడుంది, జెండా ఏడుంది" అని కలవరించాడు తప్ప, భార్య పేరుగానీ చేను ఊసుగానీ ఎత్తలేదు. ఓదమ్మ ఆ ఎర్రగుడ్డను తెచ్చి చేతికిచ్చాక గానీ కళ్ళు మూయలేదు.

గొర్రు పళ్ళూ, వాటిని బిగించే దిండు అనే అడ్డకొయ్యా ఒక చలికాలం పొయ్యిలోకి పోయాయి. నన్ను మాత్రం ఓదమ్మ మేకుకు తగిలించింది. కొన్నాళ్ళు ఒక కోడి నాలో గుడ్లు పెట్టింది. కోడి నాకు నచ్చలేదు, కానీ ఖాళీగా వేలాడటం కంటే నయమే.

గింజను మాత్రం ఆమె వదల్లేదు. ఇంటి వెనక మురికికాలువ గట్టు మీద మూరెడు జాగా ఉంది. ఏటా అక్కడ పచ్చజొన్న వేసేది. కాలువ నీళ్ళు తగిలి సగం మొక్కలు పసుపెక్కిపోయేవి. మిగిలినవాటి కంకుల్లో మంచివి ఏరి, బూడిదా వేపాకూ కలిపి కుండలో దాచేది. తినేది కాదు, ఎవరికీ పెట్టేది కాదు.

"ఓదక్కా, మురికికాలువ కాడ ఎవలికోసమే జొన్నలు? కాకులకా?" అని పక్కింటి భాగ్యక్క ఆటపట్టించేది.

"చేనచ్చేదాక ఇత్తునం సావద్దు గదనే" అనేది ఓదమ్మ, తల ఎత్తకుండానే.

భాగ్యక్క నవ్వేది. కాలనీ అంతా నవ్వేది. నేనూ నవ్వానేమో. ముసలితనంలో మనిషికి ఏదో ఒక పని కావాలి కదా అనుకున్నాను.

బొగ్గు అయిపోయింది. గుంతను బండరాళ్ళతో, బూడిదరంగు పెళ్ళలతో నింపారు, పైన మట్టి పరిచారు. ఆ పనికి ఒక కుర్ర అధికారి వచ్చాడు. ఎక్కడ చూసినా మొక్కల మాటే మాట్లాడతాడని కాలనీవాళ్ళు అతనికి చెట్ల సారు అని పేరు పెట్టారు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు. అతని దగ్గర కూలీలను పెట్టే మేస్త్రి సారయ్య మన కాలనీవాడే. ఒకరోజు సారయ్య గుమ్మంలో నిలబడి మేకు మీద ఉన్న నన్ను చూపించాడు.

"అవ్వా, అదృష్టం నీదేపో. పెద్దసార్లు అత్తాండ్లు, పూడ్చిన భూమిల ఇత్తునాలేసే పండుగ చేత్తాండ్లు. పాతకాలం గొర్రు కావాల్నట, పట్టేటి మనిషీ కావాల్నట. నీ చేన్ల నువ్వే తొలి గింజ పోత్తవ్."

"మా చేన్లనేనా?" అంది ఓదమ్మ.

"ఇంకెవలి చేన్ల?" అన్నాడు సారయ్య.

అతనికి నిజం తెలిసే అన్నాడో, పని జరిగితే చాలని అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సాయంత్రం ఓదమ్మ నన్ను దించి, కోడి చేసిన గలీజంతా పీచుతో తోమి, నూనె రాసింది.

వీరాచారి ఎప్పుడో పోయాడు కాబట్టి వెల్డింగు దుకాణంలో ఇనుప గొట్టాలతో ఒక గొర్రు అతికించి, నన్ను పైన బిగించారు. కాలనీలో ఎడ్లు లేవు, పక్క మండలం నుంచి కొమ్ములకు రంగు పూసినవి లారీలో వచ్చాయి. టెంటు, బంతిపూలు, కెమెరాలు. ఓదమ్మ పసుపురంగు చీర కట్టుకుని వచ్చింది. ఒడి బరువుగా ఉంది. కుండలో దాచిందంతా తెచ్చింది, ఒక్క గింజ కూడా మిగల్చకుండా. సొంత చేనుకు విత్తనం దాచుకుని ఎవరొస్తారు?

ఆమె చుట్టూ చూసింది. వాగు లేదు, గట్టు లేదు, రాయి లేదు. చాపలా పరిచిన మట్టి. "మాదెక్కడ?" అని అడిగింది. సారయ్య ఒక కరెంటు స్తంభం వైపు చెయ్యి చూపాడు. అటు నడిచి, వంగి మట్టి తీసి వాసన చూసి, "మాదే" అంది. ఏ చేని మట్టి ఏ కుప్పలో కలిసిందో దేవుడికి కూడా తెలియదు. ఆమెకు మాత్రం తన మట్టి వాసనే వచ్చింది.

ఎడ్లు కదిలాయి. అన్నేళ్ళ తర్వాత ఆ చెయ్యి నా మీదికి వచ్చింది. వేళ్ళు ముడతలు పడ్డాయి, గోళ్ళు పగిలాయి, కానీ జారవిడిచే తీరు అదే. నాకు ఏడుపొచ్చింది. కొయ్యకు ఏడుపేమిటని మీరు అనవచ్చు.

పెద్దలు చప్పట్లు కొట్టారు. చెట్ల సారు దగ్గరికి వచ్చి, "చాలమ్మా, రెండు సాళ్ళు చాలు. ఫొటోలు వచ్చేశాయి" అన్నాడు.

"గట్ల ఆపద్దు సారూ. గొర్రు కట్టినంక ఇత్తునం ఇంటికి పోవద్దు" అంది ఓదమ్మ.

అతను నవ్వి, ఆమె ఇష్టమని వదిలేశాడు. పెద్దలు టెంటులో భోజనాలకు కూర్చున్నారు. ఎండలో ఎడ్లవాడు, ఎడ్లు, ఆమె, నేను. ఇనుప పళ్ళు కింద బండను గీసుకుంటున్న చప్పుడు గొట్టాల్లోంచి నాకు వినిపిస్తూనే ఉంది. పైమట్టి జానెడు కూడా లేదు. కింద అంతా బండపెళ్ళలే. నాకు నోరుంటే ఆమెతో చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదేమో. ఆమె తనలో తాను ఏదో పాడుకుంటోంది. రాజలింగు పోయాక ఆమె గొంతులో పాట వినడం అదే మొదలు. ఒడి ఖాళీ అయ్యేవరకు విత్తింది. ఆఖరి గింజలు పోశాక కొంగు దులిపింది.

టెంటు విప్పుతుంటే చెట్ల సారు దగ్గరికి వెళ్ళింది. "కంచె ఎన్నడేసుకోమంటరు సారూ? ముండ్లకంప నేనే తెచ్చుకుంట. లేకుంటే పందులు బతకనియ్యవు."

అతను అర్థం కానట్టు చూసి, తర్వాత అర్థమై, సారయ్య వైపు చూశాడు. సారయ్య ఎడ్ల పగ్గాలు సర్దుతున్నాడు.

"ఇది మీకిచ్చే భూమి కాదమ్మా. అటవీశాఖ దగ్గర గనికోసం తీసుకున్నాం, మళ్ళీ అడవి చేసి వాళ్ళకే అప్పజెప్పాలి. ముసురు పట్టగానే మొక్కలు వస్తాయి. మట్టి కొట్టుకుపోకుండా మొదటేడు ఇలా గడ్డీ జొన్నా వేస్తాం. మీరు చేసింది చాలా మంచి పని."

"గిది మా మామ కొట్టిన చేను సారూ."

"అంతకుముందు అడవే కదమ్మా" అన్నాడు, ఎంతో ఓపికగా.

అతను చెప్పింది అబద్ధం కాదు. ఆ అడవిలో నిలబడ్డదాన్ని నేను. బక్కయ్య మీద నాకు పాత కోపం కూడా ఉంది. న్యాయంగా ఆ మాటకు నేను సంతోషపడాలి. కానీ లారీలో రాబోతున్నది మద్దీ ఇప్పా కాదు, బారులు తీరి నిలబడే జామాయిల్ మొక్కలని సారయ్య అప్పటికే ఎవరితోనో అనడం విన్నాను. అడవిని అడవికీ ఇవ్వడం లేదు, చేనును ఓదమ్మకూ ఇవ్వడం లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా దగ్గర ఇంకో గింజ లేదు సారూ. అంత పోసిన" అంది ఓదమ్మ.

"దానికేముంది, మంచి హైబ్రిడ్ ప్యాకెట్లు ఇప్పిస్తాను" అన్నాడు. నిజంగానే ఇప్పిద్దామనుకున్నాడు. తర్వాత నన్ను చూపించి, "ఇది మాకిచ్చెయ్యండి. గేటు దగ్గర పెడితే బడిపిల్లలు వచ్చి చూస్తారు" అన్నాడు. ఓదమ్మ నాలో ఖాళీ చెయ్యి పెట్టి ఒకసారి తడిమి, ఇచ్చేసింది. వద్దనడం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

నాకు వార్నిషు పూశారు. గేటు పక్కన సిమెంటు దిమ్మె మీద బోల్టులతో బిగించి, 'సంప్రదాయ వ్యవసాయ పనిముట్టు' అని బోర్డు పెట్టారు. బడిపిల్లలు ఒకసారి వచ్చారు. నాలో చాక్లెట్ కాగితాలు వేసి వెళ్ళారు.

వానలు పడ్డాయి. జామాయిల్ మొక్కలు నాటారు. వాటి మధ్య పచ్చజొన్న మొలిచింది. ఆ బండల మీద, ఆ పలచటి మట్టిలో, ఎవరూ నీళ్ళు చూపకుండా మొలిచింది. సాళ్ళు గీత గీసినట్టు ఉన్నాయి. ఓదమ్మ రోజూ వచ్చి తీగ కంచె అవతల నిలబడేది. మొదట్లో ఏడ్చేది. పైరు మోకాలెత్తు వచ్చాక ఏడవడం మానేసింది. పొట్టకొచ్చాక ఆమె ముఖంలో మళ్ళీ ఆశ కనిపించింది. అది చూసి నాకు భయమేసింది.

ఒకరోజు సారయ్యను ఆపింది. "భూమి ఎవలిదైతే నాకేంది బిడ్డా. గుప్పెడు కంకులు కోసుకోనియ్యి. ఇత్తునానికి. అంతే."

సారయ్య ఆమె మాటను మోసుకెళ్ళి చెట్ల సారుకు చెప్పాడు. అతను నా దిమ్మె పక్కనే నిలబడి విన్నాడు, చాలాసేపు ఆలోచించాడు కూడా.

"ఒక్క కంకి కోయనిచ్చినా రేపు కాలనీ అంతా వచ్చి ఇది మా పంటభూమి అంటుంది. నేను జవాబు చెప్పుకోలేను. గింజ పాలుపోసుకోకముందే మొత్తం పీకించెయ్యి" అన్నాడు. తర్వాత, "పాపం, ముసలావిడ" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కాలనీ ఆడవాళ్ళు కలుపు కూలికి వచ్చారు. వాళ్ళలో ఓదమ్మ కూడా ఉంది. భాగ్యక్క ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"నీకేమైనా పిచ్చి లేసిందా? నువ్వెందుకచ్చినవే? ఇంట్ల ఉండపో."

"నేనే పోసిన, నేనే తీత్త" అంది ఓదమ్మ. భాగ్యక్క చెయ్యి వదిలేసింది.

నేను దిమ్మె మీదినుంచి చూస్తూనే ఉన్నాను. తల తిప్పుకోవడానికి నాకు తల లేదు. ఆడవాళ్ళు వరసగా వంగి జొన్నను పీకుతున్నారు. మాటల్లేవు, పాటల్లేవు. ఓదమ్మ గేటు పక్కనున్న సాలు అడిగి తీసుకుంది. తీసుకున్నది ఎందుకో కాసేపటికి తెలిసింది. దిమ్మె వెనక, మనుషుల కంటికి ఆనని మూలలో ఒక మొక్క ఉంది. నడుమంత ఎత్తు, కంకి బయటికి తొంగిచూస్తోంది. ఆమె దాన్ని దాటి ముందుకు పోయింది. పోతూ పోతూ పీకిన ఆకులు కొన్ని దాని మీద కప్పింది. ఒక్క కంకి పండితే చాలు. ఒక్క కంకిలో ఎన్ని గింజలుంటాయో, కాలువ గట్టుకు ఎన్ని కావాలో ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం చెట్ల సారు వచ్చాడు. పని బాగా జరిగిందని సారయ్యను మెచ్చుకున్నాడు. తిరిగి వెళ్తూ దిమ్మె దగ్గర ఆగాడు. "ఆ వెనక ఏంటది?"

సారయ్య చూశాడు. మొక్కనూ చూశాడు, ఓదమ్మనూ చూశాడు. అతనికి అర్థమైంది. చివరికి, "అవ్వా, సారు అడుగుతాండు. గదేంది?" అన్నాడు.

ఆడవాళ్ళందరూ నడుములెత్తారు. ఓదమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. జొన్న అంటే పీకిస్తారు. అందుకని, అంత జీవితంలో ఒక్కసారి, పెద్దమనిషి ముందు అబద్ధం ఆడింది.

"గడ్డి సారూ" అంది.

"గడ్డైతే ఇంకా ఎందుకుంచావమ్మా? పీకెయ్" అన్నాడు చెట్ల సారు.

ఆమె వంగింది. రెండు చేతులూ మొదట్లో వేసి, బలమంతా పెట్టి లాగబోయింది. అంత బలం అక్కర్లేకపోయింది. ఆ మట్టిలో వేళ్ళు లోతుకు పోలేదు, ఒక్క లాగుకే మొత్తం చేతిలోకి వచ్చేసింది. ఆమె వెనక్కి తూలి, నిలదొక్కుకుని, వేళ్ళకున్న మట్టి దులిపి, దాన్ని కుప్ప మీద వేసింది. తర్వాత పక్క సాలుకు వంగింది.